కొత్త పేజీకి రెండు బటన్లు

జర్మనీలో తెలుగువాళ్ళంటే కంప్యూటర్ వాళ్ళే అన్న నమ్మకం ఎంత గట్టిదంటే, నేను బోటనీ చదివానని చెబితే ఎదుటివాళ్ళ ముఖంలో కాస్త జాలి కనిపిస్తుంది. మనవాళ్ళేమీ తక్కువ కాదు. మ్యూనిక్ పక్కన మా గార్చింగ్‌లో ఎవరింట్లో వ్రతానికి వెళ్ళినా మొదటి ప్రశ్న "ఏ టెక్నాలజీ?" అనే. నేను "మొక్కలు" అంటాను. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, "ఓ, హౌస్‌వైఫా" అంటుంది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. అయినా వాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళు పెట్టిన పులిహోర తింటూ ఏం పోట్లాడతాం?

ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆయనతో పెళ్ళయి ఇక్కడికొచ్చాక ముందు భాష నేర్చుకున్నాను. తర్వాత పాప పుట్టింది. పాప నడిచేసరికి నేర్చుకున్న భాషలో సగం మర్చిపోయి, మళ్ళీ మొదలుపెట్టాను. ఎన్నో అప్లికేషన్ల తర్వాత ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ల్యాబ్‌లో నాచు పెంచే పని దొరికింది. గాజు సీసాల్లో పచ్చటి నీళ్ళు, వాటికి వెలుతురూ గాలీ సరిగ్గా అందుతున్నాయో లేదో చూసుకోవడం. ఉద్యోగం ఇస్తున్నామన్న ఉత్తరం చదివినప్పుడు వంటింట్లో నిలబడి ఏడ్చాను. సెప్టెంబరులో చేరాలి. పాప అప్పటికే ఇక్కడి చిన్నపిల్లల బడికి, కిటాకి, వెళ్తోంది కాబట్టి బెంగలేదనుకున్నాను.

ఆ కిటా గురించి చెప్పాలి. అది ఊరి మున్సిపాలిటీ నడిపేది కాదు. తల్లిదండ్రులే ఒక సంఘంగా కలిసి నడుపుకునే బుల్లి బడి. ఇక్కడ అలాంటివి చాలానే ఉన్నాయి. ఫీజు కట్టేసి చేతులు దులుపుకుంటే కుదరదు, ప్రతి ఇంటికీ ఒక బాధ్యత అప్పగిస్తారు. దాన్ని అమ్ట్ అంటారు. ఒకరు తువ్వాళ్ళు ఉతకాలి, ఒకరు విరిగిన కుర్చీలు బాగు చేయాలి, ఒకరు ఇసుక గుంటలో ఇసుక మార్పించాలి. ఎవరి అమ్ట్ వారిది. తువ్వాళ్ళ మనిషి ఊరెళ్ళి, కిటాలో తడిచేతులతో అందరూ నిలబడి ఉన్నా సరే, ఇంకొకరు ఆ బీరువా తెరవరు. అది మొండితనమని మొదట్లో నేను విసుక్కునేదాన్ని.

మేం చేరిన కొత్తలో జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో అమ్ట్‌లు పంచారు. పిల్లలు కూర్చునే బుల్లి కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా అందరం కూర్చున్నాం. వెబ్‌సైటు చూసుకునే ఒక పిల్లాడి నాన్నకి డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే చోట ఉద్యోగం వచ్చి కుటుంబంతో వెళ్ళిపోయాడట. ఆ పని ఎవరు తీసుకుంటారని సంఘం అధ్యక్షుడు అడిగాడు. అందరూ కింది చూపులు చూశారు. తర్వాత ఒక్కొక్కరుగా, ఎంతో ప్రేమగా, నావైపు తిరిగారు.

"మీకైతే ఇది చాలా తేలిక కదా," అంది నా పక్కనున్నామె.

నాకు తేలిక కాదని చెప్పాలి. నేను చెప్పలేదు. నలుగురూ కూర్చున్న చోట పెద్దలు ఒక పని చేతిలో పెడితే, అక్కడే కాదనడం నాకు రాదు. ముందు సరేనని, ఇంటికొచ్చి తల పట్టుకోవడమే అలవాటు. "సరే" అన్నాను. ఉతకాల్సిన తువ్వాళ్ళ సంచీ ఇంకొకరు ఎత్తుకుపోతుంటే ఆశగా చూశాను.

మా వెబ్‌సైటు వెనక ఒక సిస్టం ఉంది. పాస్‌వర్డు కొట్టి లోపలికెళ్తే ఎడమ పక్కన మెనూ, ఆ మెనూ కింద ఇంకో మెనూ. ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా సులువుగా వాడుకోగలిగేది అని దాని మొదటి పేజీలోనే రాసి ఉంది. రాసినాయన ప్రోగ్రామింగ్ రానివాళ్ళని ఎప్పుడైనా దగ్గరి నుంచి చూశాడా అన్నది నా అనుమానం. ఆ మెనూలో నాకు తెలిసిన మాట ఒకే ఒక్కటి, టాక్సానమీ. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. మొక్కల వర్గీకరణే కదా, నేను పాఠం చెప్పుకున్నదే కదా అని నొక్కితే, "టర్ములు ఏవీ లేవు" అని ఒక తెల్లటి పేజీ వచ్చింది. మూసేసి మళ్ళీ అటు వెళ్ళలేదు.

నా పని అల్లా వారం వారం భోజనాల పట్టిక మార్చడం, సెలవు రోజులు పెట్టడం. ఇంత చిన్న పనికి తల ప్రాణం తోకకొచ్చేది. పప్పు సూప్ ఫొటో ఒకచోట పెడితే ఇంకోచోట తేలేది. వర్డులో టైపు చేసి అతికిస్తే సోమవారం పెద్దక్షరాల్లో, మంగళవారం చిన్నక్షరాల్లో, బుధవారం నీలం రంగులో వచ్చేవి. అన్నీ సర్దుకుని ఊపిరి పీల్చుకునే లోపల "మీ సెషన్ ముగిసింది" అనేది, నేను రాసిందంతా తుడిచిపెట్టి. అలాంటప్పుడు స్క్రీనుకి తెలుగులోనే సమాధానం చెప్పేదాన్ని. మా పాప పక్కనుంచి జర్మన్‌లో "మామా, నైన్!" అని, అంటే అమ్మా వద్దు అని, గద్దించేది. అయినా నెమ్మదిగా చెయ్యి తిరిగింది. పాత పేజీ తెరిచి, మార్చి, సేవ్ నొక్కితే బయట మారిపోతుంది. అంతవరకూ వచ్చింది, చాలనుకున్నాను.

కిటా నడిపే పెద్దావిడకి అరవై దాటాయి. పొట్టి జుట్టు, ఏప్రాన్ జేబులో ఎప్పుడూ ముక్కు తుడిచే కాగితాలు. ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో గొంతు విని చెప్పేస్తుంది. ఆవిడ అందమైన చేతిరాతతో తలుపు మీద కాగితం అంటించేది, తల్లిదండ్రులంతా అదే చదివేవాళ్ళు. వెబ్‌సైటులో నేను మార్చే పట్టిక ఎవరు చూస్తారో నాకు తెలీదు. ఆవిడ మాత్రం ప్రతి సోమవారం ఆఫీసులో కంప్యూటర్ తెరిచి చూసి, గుమ్మంలో నాకు భేష్ అన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించేది. ఆ బొటనవేలు కోసమే చేసేదాన్ని.

శీతాకాలం చివర్లో అసలు కష్టం వచ్చింది. చిన్నపిల్లల గుంపు చూసుకునే ఇద్దరు టీచర్లలో ఒకామె పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోతోంది. చదువుకున్న టీచర్లు ఇద్దరు లేకపోతే ఆ గుంపు నడపడానికి వీల్లేదు. వేసవి సెలవుల లోపల మనిషి దొరక్కపోతే సెప్టెంబరు నుంచి చిన్నపిల్లల గుంపు మూసేస్తామని సంఘం చెప్పింది. మా పాప ఆ గుంపే. ఈ చుట్టుపక్కల ఇంకో కిటాలో చోటు దొరకడమంటే ఏళ్ళ మాట. గుంపు మూతపడితే పాప ఇంట్లో ఉంటుంది, పాపతో నేనుంటాను, నా పచ్చటి సీసాల దగ్గర ఇంకెవరో ఉంటారు. లెక్క అంతే.

అందుకని ఉద్యోగ ప్రకటన వేయాలనుకున్నాం. పెద్దావిడా నేనూ కిటా వంటింట్లో క్యారెట్లు చెక్కు తీస్తూ రాశాం. మామూలు ప్రకటనల్లో ఉండే "ఉత్సాహం, బృందస్ఫూర్తి" లాంటి మాటలు ఆవిడకి నచ్చలేదు. "మా తోటలో ఒక వంకర ఆపిల్ చెట్టుంది, పిల్లలు ఎక్కుతారు, మనం కింద నిలబడతాం అని రాయండి" అంది. అదే రాశాను. నా జర్మన్‌ని ఆవిడ దిద్దింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, మొదటిసారి ఒక కొత్త పేజీ తెరిచి, ప్రకటన ఎక్కించాను.

కొత్త పేజీకి సేవ్ దగ్గర రెండు బటన్లు వచ్చాయి. ఒకటి "ప్రచురించు". రెండోది "ఆమోదానికి పంపు".

ఇక్కడ మా కాలేజీ సంగతి చెప్పకపోతే నా బుర్ర మీకు అర్థం కాదు. మా ప్రిన్సిపాల్ గారి సంతకం లేకుండా అక్కడ ఆకు కదిలేది కాదు. లెసన్ ప్లాన్ మీద సంతకం, ప్రశ్నపత్రం మీద సంతకం. స్లిప్ టెస్టు ఎల్లుండి అని బోర్డు మీద రాయాలన్నా చీటీ మీద సంతకం తీసుకుని రాయాలి. ఒకసారి ఒక లెక్చరర్ సంతకం లేకుండా ఏదో నోటీసు అంటించి, స్టాఫ్‌రూం ముందు నిలబడి చివాట్లు తిన్నాడు. అక్కడ ఎదిగిన మనిషికి ఆ రెండు బటన్లు చూపిస్తే ఏది నొక్కుతుంది? నాకు ఆలోచించాలని కూడా తోచలేదు. ఆమోదానికి పంపాను. "విజయవంతంగా పంపబడింది" అంటూ పచ్చ టిక్కు వచ్చింది. మర్నాడు నా లాప్‌టాప్‌లో చూస్తే పేజీ చక్కగా కనిపించింది. పెద్దావిడ ఆమోదించేసిందన్నమాట అనుకున్నాను. సోమవారం గుమ్మంలో ఆవిడ బొటనవేలు కూడా చూపించింది.

తర్వాత ఎదురుచూశాం. చెట్లు చిగురించాయి, పిల్లలు బరువైన కోట్లు వదిలేశారు, ఇసుక గుంటలోకి కొత్త ఇసుక కూడా వచ్చింది. ఒక్క ఫోను రాలేదు. మొదట్లో పెద్దావిడ "ఈ ప్రాంతమంతా టీచర్లకి కరువే" అని ధైర్యంగా అనేది. పోనుపోనూ ధైర్యం తగ్గింది. ఒకరోజు పాపని తీసుకోవడానికి వెళితే, చిన్నపిల్లల గదిలో ఒక్కతే నేల మీద కూర్చుని అరలు తుడుస్తోంది. ఆ గుంపు తనే మొదలుపెట్టిందట, తన చేతుల్తోనే మూసేయాల్సి వస్తుందేమో అంది. నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను.

ఇంట్లో మావారు ఓదార్చేవారు, "చూద్దాంలే, ఇంకో ఏడాది ఆగినా ఏం కాదు" అని. ఆయన మంచికే అన్నారు. కానీ ఇన్నేళ్ళూ ఆగుతూ వచ్చిన మనిషినే మళ్ళీ ఆగమంటున్నానని ఆయనకి తోచలేదు. ఆ వారమంతా ఆయనతో పొడిపొడిగా మాట్లాడాను.

ఉండబట్టలేక ఒక ఆదివారం మధ్యాహ్నం, మ్యూనిక్ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన లింకు పెట్టాను. ఎవరికో ఒకరికి ఒక టీచరు పక్కింట్లో ఉండకపోతుందా అన్న ఆశ. వెంటనే జవాబు వచ్చింది.

"అక్కా, లింక్ ఓపెన్ అయితలేదు. లాగిన్ అడుగుతుంది."

"నాకు కూడా అంతే వదినా."

"అందరికీ అంతేనండీ."

వీళ్ళ ఫోన్లకేం రోగమని విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళాను. మావారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. "మీ ఫోన్‌ల ఈ లింకు ఒకసారి తెరువుండ్రి" అన్నాను. ఆయన చెయ్యి తుడుచుకుని నొక్కారు. లాగిన్ అడిగింది. ఫోన్ లాక్కుని నేను నొక్కినా అదే.

ఆయన నా లాప్‌టాప్ తెచ్చి, రెండుసార్లు అటూ ఇటూ చూసి చెప్పేశారు. "నువ్వు పబ్లిష్ కొట్టలే. అప్రూవల్‌కి పంపినవ్. గది ఎవరూ అప్రూవ్ చెయ్యలే. నువ్వు లాగిన్ అయి ఉన్నవ్ కాబట్టి నీకు కనిపిస్తున్నది, బయటోళ్ళకి కనిపియ్యది."

"పచ్చ టిక్కు చూపెట్టింది గద!"

"పంపినందుకు టిక్కు. పబ్లిష్ అయినందుకు కాదు. ఏం లేదు, చాలా సింపుల్. యూజర్ మిస్టేక్ అంతే."

ఆ మాటతో ఇన్నాళ్ళ కోపం కట్ట తెగింది.

"యూజర్ మిస్టేకా? మీరు రోడ్డు నడుమ గుంత తవ్వి, పడ్డోళ్ళని కళ్ళు లేవా అంటరు! ఇన్నాళ్ళు ఎక్కించిన పట్టికలన్నిటికి సేవ్ కొడితే చాలింది, దీనికి చాలదని ఎవరు చెప్పిన్రు? నాకు కనిపించేది లోకానికి కనిపియ్యదని ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క రాస్తే మీ సాఫ్ట్‌వేరోళ్ళ సొమ్మేం పోయింది? ఎండాకాలం వచ్చింది. ఇన్ని నెలలు ఒక్కరన్న చూడలేదు అది. నా ఉద్యోగం పోతది, ఆ పెద్దావిడ గుంపు పోతది, మీకు మాత్రం సింపుల్!"

పాప ఆట ఆపి మా ఇద్దర్నీ చూసింది. మావారు గ్యాస్ ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సరే. మొదటి నుంచి చూపెట్టు. నేను ముట్టుకోను," అని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

చూపించాను. ఎక్కడ నొక్కానో, ఏమనుకుని నొక్కానో, ఏం చూసి సరేననుకున్నానో అన్నీ చెప్పుకుంటూ పోయాను. ప్రిన్సిపాల్ సంతకాల సంగతి కూడా చెప్పాను. ఆయన మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నారు. నేను మెనూలో వెతుక్కుంటుంటే ఆయన కాలు ఊగుతోంది, అంత చెప్పాలనిపిస్తోంది పాపం. అంతా అయ్యాక ఆ రెండు బటన్ల మీదికి వంగి చూశారు.

"మా ఆఫీసుల మేం గిసొంటివే చేస్తం," అన్నారు నెమ్మదిగా. "వాడేటోళ్ళ పక్కన గిట్ల కూసోని నేనెప్పుడూ చూడలే."

ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. ఉల్లిపాయలు నేను వేయించాను.

ఆయన అప్పటికప్పుడే ప్రచురించు నొక్కమన్నారు. నాకు చెయ్యాడలేదు. పెద్దావిడకి చెప్పకుండా ఎలా? ఆవిడ ఎందుకు ఆమోదించలేదో, నా జర్మన్‌లో తప్పేమైనా చూసి ఆగిందో, నాకేం తెలుసు? సోమవారం పొద్దున పాపని దింపి, ఆవిడ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రకటన బయటివాళ్ళకి ఒక్కరోజు కూడా కనిపించలేదని చెప్పడానికి నాకు తెలిసిన జర్మన్ మాటలన్నీ ఖర్చయ్యాయి.

ఆవిడ మెల్లగా కంప్యూటర్ వైపు తిరిగి, మా సైటు తెరిచింది. పై మూలన ఒక చిన్న పసుపు డబ్బా ఉంది, "ఒక పేజీ ఆమోదం కోసం వేచి ఉంది" అని.

"ఇది రోజూ కనిపిస్తూనే ఉంది," అంది. "వెబ్‌సైటు మీ అమ్ట్ కదా. ఇది మిమ్మల్ని అడుగుతోందనుకున్నాను. ఇంకొకరి పనిలో నేను చెయ్యి పెట్టకూడదు కదా."

నేను ఆవిడ మీద గౌరవం కొద్దీ ఆగాను, ఆవిడ నా మీద గౌరవం కొద్దీ ఆగింది. ఆ సిస్టం కట్టినవాడికి ఖమ్మం కాలేజీ గురించీ తెలీదు, కిటాలో తువ్వాళ్ళ బీరువా గురించీ తెలీదు.

"పైగా నాకు దీన్ని చూస్తే భయం," అందావిడ గొంతు తగ్గించి. "ఒకసారి ఏదో నొక్కితే మా టీచర్ల ఫొటోలన్నీ మాయమయ్యాయి. పిల్లలు నన్ను కొరికారు, నా మీద వాంతులు చేసుకున్నారు, దేనికీ భయపడలేదు. దీనికి భయపడతాను. ఎవరితోనూ అనకండి."

"నాకూ భయమే," అన్నాను. "నేను కంప్యూటర్ చదవలేదు. మొక్కలు చదివాను."

ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. నవ్వింది, అంతే. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత ఆవిడ లేచి, తన కుర్చీలో నన్ను కూర్చోమంది. నేను బాణం గుర్తుని ప్రచురించు దగ్గరికి తీసుకెళ్ళి ఆగాను.

"నొక్కమంటారా?"

"నన్నెందుకు అడుగుతున్నారు? అది మీ పని."

మన చెవులకి ఆ మాట కటువుగా తగులుతుంది. నాకేం సంబంధం అన్నట్టు వినిపిస్తుంది. ఒక్క క్షణం నొచ్చుకున్నాను కూడా. ఆవిడ ముఖం చూస్తే అందులో కటువు లేదు. నీ పని నీకు తెలుసు, నేను దిద్దాల్సింది లేదు అంటోంది. అన్నేళ్ళ ఉద్యోగంలో నాతో ఆ మాట అన్న పెద్దవాళ్ళు లేరు. నొక్కాను. మావారికి ఫోన్ చేసి, బయటి నుంచి చూడమన్నాను. "కనిపిస్తున్నది," అన్నారు. "ఆపిల్ చెట్టు బాగా రాసిన్రు."

ఆ వారంలోనే సంఘం మీటింగ్ పెట్టింది. చిన్నపిల్లల గుంపు గురించి తేల్చేయడానికి. ప్రకటన ఇన్నాళ్ళూ కనిపించలేదన్న విషయం అధ్యక్షుడికి చేరింది. ఆయన మంచివాడే, అరవలేదు. "ఇది ఎవరి వల్ల జరిగిందో తెలుసుకుంటే మళ్ళీ జరగకుండా చూడొచ్చు," అన్నాడు మర్యాదగా. బుల్లి కుర్చీల్లో అందరూ నావైపు చూశారు, ఈసారి అంత ప్రేమగా కాదు. నేను లేవబోయాను.

"కిటాకి బాధ్యురాలిని నేను," అంది పెద్దావిడ కూర్చునే. "ఆమోదించమని నా స్క్రీన్ మీద రోజూ అడిగింది. నాకు అర్థం కాలేదు, అడగలేదు."

మా కాలేజీలో తప్పు ఎప్పుడూ కిందికే జారేది, పైనుంచి లెక్చరర్ మీదికి, లెక్చరర్ నుంచి అటెండర్ మీదికి. పైనున్న మనిషి చెయ్యి చాచి దాన్ని అందుకోవడం నేను మొదటిసారి చూశాను. అప్పుడిక కూర్చోలేకపోయాను. రెండు బటన్ల సంగతి, నాకు కనిపించింది బయటివాళ్ళకి కనిపించకపోవడం, అంతా నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. నేను ఐటీ మనిషిని కానని కూడా చెప్పేశాను. కుర్చీలు బాగుచేసే నాన్న పెద్దగా నవ్వి, "నేను దంతవైద్యుణ్ణి, నాకు సుత్తి పట్టుకోవడం రాదు," అన్నాడు. దాంతో గది తేలికపడింది. సెలవులు మొదలయ్యేదాకా ఆగి చూద్దామని తీర్మానించారు. దానికి ఎంతో దూరం లేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో అడక్కండి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ల్యాబ్ నుంచి చేరే రోజు ఖాయం చేయమని అడుగుతూ మెయిల్ వస్తే, జవాబు రాయలేక పక్కన పెట్టాను. ఒక పొద్దున పాపని దింపుతుంటే పెద్దావిడ గేటు దాకా పరిగెత్తుకొచ్చింది, ఏప్రాన్‌తోనే. ఒకామె ఫోన్ చేసిందట. పక్క ఊళ్ళోనే ఉంటుంది, చదువుకున్న టీచరు. ఒకరోజు పిల్లలతో గడిపి చూస్తానందట.

ఆ రోజు పిల్లలకి తోడుగా ఉండే తల్లి వంతు నాదే పడింది. వచ్చినామెకి నలభై ఉంటాయేమో, గట్టిగా నవ్వే మనిషి కాదు. తోటలోకి వెళ్ళి, చెట్టు కింద నిలబడి, పిల్లల కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూస్తూ ఉంది, ఎవరికీ చెయ్యి అందించకుండా. మా పాప సగం దాకా ఎక్కి భయపడి కేకేసింది. నేను కదలబోయాను. ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపి, పాపకి ఏదో మెల్లగా చెప్పింది. పాప తనే దిగింది. దిగి, ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ చెట్టు దగ్గరికే లాక్కెళ్ళింది.

పిల్లలు పడుకున్నాక వంటింట్లో కాఫీకి కూర్చున్నాం, ఆమె, పెద్దావిడ, సంఘం అధ్యక్షుడు, నేను. అంతా బాగుందని అధ్యక్షుడు అన్నాడు. ఆమె కప్పు పక్కకి జరిపింది.

"మీకొకటి చెప్పాలి," అంది. "మీ టీచరు వెళ్ళిపోతోందని చలికాలంలోనే విన్నాను. అప్పటి నుంచీ మీ వెబ్‌సైటు చూస్తూనే ఉన్నాను, ప్రతివారం. ఉద్యోగాల పేజీలో ఏమీ లేదు. నేను అప్పటికే రెండుచోట్ల అడిగి, చాలా ఏళ్ళు పని మానేసినదాన్నని కాదనిపించుకుని ఉన్నాను. మీరు ఎవర్నో లోలోపలే మాట్లాడుకున్నారనుకున్నాను. నాలాంటిది మీకు అక్కర్లేదనుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు. వేరే కిటావాళ్ళు కాగితాలు పంపారు, రేపు సంతకం పెట్టాలి. ప్రకటన ఇప్పుడు కనిపించింది కాబట్టి ఒకసారి చూసి వెళ్దామని వచ్చాను."

అంతవరకూ నేను నా ఉద్యోగం గురించీ, పెద్దావిడ గుంపు గురించే బాధపడ్డాను. ఆ కనిపించని పేజీ అవతల ఒక మనిషి కూర్చుని, వారం వారం చూసుకుని, నేను పనికిరాననుకుంటూ ఉందని నాకు తట్టనే లేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, సంఘం చర్చించి సోమవారం జవాబు చెబుతుందని మొదలుపెట్టాడు. నేను ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. ఎవరి అనుమతీ అడగలేదు, పెద్దావిడ వైపు చూడను కూడా లేదు.

"అక్కరుంది," అన్నాను ఆమెతో. "చలికాలం నుంచీ మీ కోసమే చూస్తున్నాం. ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. ఇక్కడికి రండి."

అధ్యక్షుడు నన్ను చూసి, పెద్దావిడని చూశాడు. పెద్దావిడ నన్ను ఆపలేదు. కాఫీ కెటిల్ అందుకుని ఆమె కప్పులో మళ్ళీ పోసింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, "సెప్టెంబరు మొదటి రోజు నుంచి రానా?" అని అడిగింది.

అడిగింది నన్నే.